మోగే పెంకు

ఫ్రోనియస్ వాళ్ల ధాన్యపు కొట్టం కూల్చేస్తున్నారని తెలిసి
తెల్లారకముందే బండి కట్టుకుని బయల్దేరాం.
మా కప్పుకి నాలుగు వేల పెంకులు కావాలి.
మిర్చా దారంతా రేకుల గురించే చెప్పాడు:
ఎర్రరంగు పూసినవి, పెంకుల్లాగే నొక్కులు నొక్కినవి,
ముప్పై ఏళ్ల గ్యారంటీ, రెండు రోజుల్లో పని ముగుస్తుంది.
"వాన పడితే?" అన్నాను.
"పడితే ఏం?"
"ఇంట్లో మాట ఇంట్లోవాళ్లకి వినపడదు."
టిర్నావా వంతెన దాటేదాకా
ఇక బండి చక్రాలే మాట్లాడుకున్నాయి.

గాష్పార్ అప్పటికే వచ్చి గడ్డివాము పక్కన కూర్చున్నాడు.
డెబ్భై నాలుగేళ్లు.
యాభై ఏళ్ల సుత్తి దెబ్బలు అతని చెవులు రెండూ తినేశాయి.
పెంకు వాయించి ఎంచాల్సిన మనిషికి చెవుడు!
నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది.

పెంకుని రెండు వేళ్లతో వేలాడదీసి
అంచుని దవడ ఎముకకి ఆనించి
మెటికతో ఒక్కటి కొడతాడు.
కళ్లు మూసుకుంటాడు.
మోగితే కుడివైపు.
మొద్దుగా పలికితే ఎడమవైపు.
సంతలో కుండ కొనేవాళ్లూ ఇంతే,
కాకపోతే వాళ్లు ఒక్కసారి వాయిస్తారు,
ఇతను నాలుగు వేల సార్లు.

"పగులు నీ కంటికి కనపడదు," అని అరిచాడు,
నేనే చెవిటిదాన్నయినట్టు.
"నీళ్లకి కనపడుతుంది.
అక్టోబరులో వెంట్రుకంత సందులో దూరుతుంది,
జనవరిలో గడ్డకట్టి మోచేతులు చాపుతుంది,
మార్చిలో నీ మంచం మీదికి దిగుతుంది.
పెంకన్నాక కొంచెం పెంకితనం ఉండాలి.
మరీ ఎక్కువ కాలిందనుకో, పెళుసు. మాట పడదు."

నా పని మోయడం, పేర్చడం, నాచు గీకడం.
ప్రతి పెంకు వీపునా మూడు వేళ్ల చాళ్లు,
పచ్చి మట్టి మీద ఎవరో పైనుంచి కిందికి లాగినవి,
వాన అటూ ఇటూ పోకుండా నడిమికి నడవడానికి.
ఒక చేతికి చూపుడువేలు వంకర.
ఆ వంకర నూట ముప్పై పెంకుల దాకా కనిపించింది,
తర్వాత లేదు.
పని మానేశాడో, చేయి మార్చాడో,
మధ్యాహ్నం రొట్టె తింటూ కూడా అదే ఆలోచన.

ఉత్తరం వైపు పెంకుల్ని విడిగా పెట్టమన్నాడు గాష్పార్.
"నీడకి అలవాటైనవి. మీ ఇంట్లోనూ ఉత్తరానికే ఎక్కించు."
అది నిజమో, ముసలి పట్టింపో అడగలేదు.
విడిగానే పెట్టాను.

పొద్దు వాలుతుండగా మిర్చా కేకేశాడు.
రేకుల మనిషి, పొద్దున్నించీ మూతి ముడుచుకున్న మనిషి,
ఒక పెంకుని చొక్కా చేతితో తుడుస్తున్నాడు.
దాని మీద వేలితో గీసిన సూర్యుడు,
కింద ఒక చంటిబిడ్డ పాదం,
ఐదు వేళ్లూ, మడమ గుంటతో సహా.
"ఇది వీధివైపు, మొదటి వరసలో," అన్నాడు.

గాష్పార్ దవడకి ఆనించాడు. కొట్టాడు.
ఎడమవైపు పెట్టాడు.
"ఇంకోసారి చూడు తాతా."
ఇంకోసారి చూశాడు.
ఈసారి కళ్లు ఎక్కువసేపు మూసుకున్నాడు.
ఎడమవైపు.
"ముద్దొచ్చిన ప్రతిదాన్నీ నెత్తికెక్కించుకోకు అబ్బాయ్."

లెక్క చూస్తే మూడు వేల తొమ్మిది వందల పన్నెండు.
తక్కువైన మేరకు పందుల కొట్టం మీది పెంకులు వాడి
దానికి రేకు వేద్దామన్నాడు మిర్చా.
"వాన చప్పుడుకి పందులేమీ అనుకోవు."
ఒప్పుకున్నాను. ఏదో ఒకటి గెలవనివ్వాలి కదా.

బండి దిగేటప్పుడు అతని కోటు కింద
చదరంగా ఏదో ఎత్తుగా కనిపించింది.
నేను చూడనట్టు గుర్రానికి నీళ్లు పెట్టాను.

రాత్రి అతను నిద్రపోయాక
పొయ్యి పక్కన గోడకి ఆనించి ఉంది ఆ పాదం.
తీసుకుని నా దవడకి ఆనించాను.
మెల్లగా కొట్టాను.
లోపల ఎవరో గొంతు సవరించుకుని
చెప్పబోయింది చెప్పకుండా ఊరుకున్నట్టు.

రేపు పాత కప్పు విప్పాలి.
నాలుగు రోజులు వాన రాకుంటే చాలు.